పాత కంబళిని ఫెల్ట్‌గా మార్చి కుట్టుమిషన్‌పై కవర్లు కుట్టడం: సమగ్ర మార్గదర్శి

ల్యాప్‌టాప్‌కు, ట్యాబ్‌కు, నీళ్ళ సీసాకు ఉన్ని ఫెల్ట్ (పోగులు ఒకదానితో ఒకటి చిక్కుపడి దట్టంగా మారిన ఉన్ని గుడ్డ) కవరు కుట్టుకోవడానికి కొత్త సరుకేదీ కొనవలసిన అవసరం లేదు. అనంతపురం జిల్లాలో, ముఖ్యంగా కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో, అటకమీద చుట్టిపెట్టిన పాత కంబళి ఒకటైనా లేని కురుబల (గొర్రెలు కాచే కులంవారి) ఇల్లు అరుదు. చిరుగులు పడి కప్పుకోవడానికి పనికిరాని ఆ కంబళిని వేడినీటితో, సబ్బుతో, రాపిడితో దట్టంగా మార్చి, ఇంట్లో ఉన్న తొక్కుడు మిషన్‌పైనే కవరుగా కుట్టే పద్ధతిని ఇక్కడ మొదటి నుంచి చివరి దాకా వివరిస్తున్నాను. బాగున్న కంబళిని మాత్రం దీనికోసం కోయవద్దు. చేత్తో వడికి, చేత్తో నేసిన బట్ట అది. చిరిగేదాకా దాని పని అది చేయనివ్వాలి.

పద్ధతిలోకి వెళ్ళే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఫెల్ట్ ఎంత మందంగా ఉంటే కవరు అంత గట్టిదని చాలామంది అనుకుంటారు. కానీ కవరుకు కావలసింది దట్టమే తప్ప మందం కాదు. ఎంత మందం ఉండాలో మీ మిషన్ నిర్ణయిస్తుంది. రెండు పొరలు ప్రెషర్ ఫుట్ (సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే పాదం) కింద దూరకపోతే ఎంత గొప్ప ఫెల్ట్ అయినా చేతి సూదికే పరిమితమవుతుంది. అందువల్ల పని మిషన్ దగ్గర మొదలుపెట్టి, ఉన్ని దగ్గరికి రావాలి.

మిషన్‌ను కొలవడం

ఫుట్ లివర్ పైకెత్తి, గుడ్డను జరిపే కింది పళ్ళకూ ఫుట్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. ఇళ్ళలో ఉండే నల్ల తొక్కుడు మిషన్లలో అది దాదాపు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. దుప్పటి గుడ్డను మడతలు వేస్తూ ఫుట్ కిందకు నెట్టి చూస్తే, ఏ మడత దగ్గర బిగుసుకుంటుందో తెలుస్తుంది. ఆ మడతల మొత్తం మందాన్ని స్కేలుతో కొలిచి రాసుకోవాలి. అందులో సగానికి కొంచెం తక్కువే మీ ఫెల్ట్ మందానికి పరిమితి. అంటే 6 మి.మీ. ఖాళీ ఉన్న మిషన్‌కు ఒక్కో పొర 2.5 నుంచి 3 మి.మీ. దాటకూడదు. ఫెల్ట్ మెత్తటిది కాబట్టి ఫుట్ దించితే కొంత అణుగుతుందన్నది నిజమే కానీ, కుట్టు మొదట్లోనూ, అంచులు కలిసే చోటా ఆ కొద్ది వెసులుబాటు చాలదు.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే పెద్ద మిషన్లు అందుబాటులో ఉన్నవారికి ఈ ఇబ్బంది ఉండదు. వారు 4 మి.మీ. దాకా వెళ్ళవచ్చు. అయితే ఆ మిషన్ల సూదుల కాడ గుండ్రంగా ఉంటుంది, ఇంటి మిషన్ సూది కాడ ఒక వైపు చదునుగా ఉంటుంది. అక్కడి సూది ఇక్కడ బిగించాలని ప్రయత్నించకూడదు.

ఏ ఉన్ని పనికివస్తుంది

ప్రతి ఉన్ని పోగు పైన కంటికి కనబడనంత చిన్న పొలుసులు ఉంటాయి. వేడి, తడి, సబ్బులోని క్షారం తగిలినప్పుడు ఆ పొలుసులు విచ్చుకుంటాయి, రాపిడి తగిలితే పక్క పోగుల పొలుసులతో చిక్కుపడతాయి, ఒకసారి చిక్కుపడ్డాక మళ్ళీ విడిపోవు. ఫెల్ట్ అంటే ఇంతే. ఆ పొలుసులు లేని దారం, అంటే నూలు, పాలిస్టర్, యాక్రిలిక్, ఎంతసేపు ఉడికించినా ఫెల్ట్ కాదు. మిషన్‌లో ఉతికినా కుదించుకోకుండా రసాయనం పట్టించిన ఉన్ని కూడా కాదు.

చలికాలంలో రోడ్డు పక్కన అమ్మే స్వెటర్లు, శాలువలు చూపుకు ఉన్నిలాగే ఉన్నా చాలావరకు యాక్రిలిక్‌వే. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక దారం లాగి, చిమటాతో పట్టుకుని నిప్పు చూపండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, నిప్పు తీసేయగానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి, నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. అది చల్లారేదాకా ముట్టుకోవద్దు.

కంబళ్ళకు వాడేది దక్కనీ జాతి గొర్రె ఉన్ని. ఇది ముతక ఉన్ని కాబట్టి సన్న ఉన్ని కన్నా నెమ్మదిగా ఫెల్ట్ అవుతుంది. నిదానం వల్ల లాభమే ఎక్కువ, కావలసిన మందం దగ్గర ఆపుకునే వీలు దొరుకుతుంది. ఇప్పుడు మందల్లో ఎక్కువగా కనబడే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటిమీద పొట్టి వెంట్రుకే తప్ప ఉన్ని ఉండదు, కాబట్టి మందలు కళ్ళముందే తిరుగుతున్నా కంబళి నేసే ఉన్ని దొరకడం లేదని పెద్దవాళ్ళు అంటే ఆశ్చర్యపోనక్కరలేదు. ఇంట్లో పాత కంబళి లేనివారికి సరిహద్దు అవతల, కర్ణాటకలోని చిత్రదుర్గం జిల్లా చళ్ళకెరె దగ్గరే. కంబళ్ళకు పేరుపడిన ఊరు.

కంబళిని పరిచి చూసేటప్పుడు రెండు సంగతులు గమనించాలి. కొన్ని కంబళ్ళు రెండు పట్టీలను మధ్యలో కలిపి కుట్టినవై ఉంటాయి. ఆ అతుకు కవరు మధ్యకు రాకుండా ముక్క ఎంచుకోవాలి. రెండవది, తలమీద, భుజంమీద ఏళ్ళ తరబడి వానకూ చెమటకూ నానిన భాగం అప్పటికే సగం ఫెల్ట్ అయి ఉంటుంది. అంచు వైపు భాగం ఇంకా వదులుగా ఉంటుంది. ఈ రెంటినీ ఒకే ముక్కలో కలిపితే ఒక వైపు ఎక్కువగా, ఒక వైపు తక్కువగా కుదించుకుని ముక్క వంకరపోతుంది.

నమూనా ముక్క, కొలతల లెక్క

పడుగు (నేతలో నిలువు దారాలు) వైపు ఎంత కుదించుకుంటుంది, పేక (అడ్డ దారాలు) వైపు ఎంత కుదించుకుంటుంది అన్నది ప్రతి కంబళికీ వేరుగా ఉంటుంది. దీన్ని ఊహించడానికి వీలు లేదు. కవరు కోయబోయే చోటు పక్క నుంచే 20 సెం.మీ. చదరపు ముక్కను కత్తిరించి, పడుగు దిక్కు తెలిసేలా ఒక మూల రంగు నూలుదారంతో గుర్తు కుట్టి, కింద చెప్పబోయే పద్ధతిలో పూర్తిగా ఫెల్ట్ చేసి, ఆరబెట్టి కొలవాలి. నమూనాను తడిగా కొలవడం వల్ల ఉపయోగం లేదు, ఆరాక కొలత మారుతుంది.

ఉదాహరణకు నమూనా ముక్క పేక వైపు 15 సెం.మీ.కు, పడుగు వైపు 16 సెం.మీ.కు వచ్చిందనుకుందాం. అంటే ఒక వైపు నాలుగింట మూడు వంతులు, మరో వైపు అయిదింట నాలుగు వంతులు మిగిలాయి. ఇప్పుడు 32 సెం.మీ. వెడల్పు, 22 సెం.మీ. ఎత్తు, 1.8 సెం.మీ. మందం ఉన్న ల్యాప్‌టాప్‌కు, అడుగున మడతతో, పైన మూతతో, ఒకే పొడవాటి ముక్కగా కవరు కుట్టాలంటే లెక్క ఇలా ఉంటుంది. వెడల్పుకు ల్యాప్‌టాప్ వెడల్పు 32, మందం 1.8, వదులు 0.7, రెండు పక్కలా కుట్టు మార్జిన్ 2 కలిపి 36.5 సెం.మీ. పొడవుకు ముందు వైపు 22, అడుగు 1.8, వెనక వైపు 22, పైన మూత మలుపు 1.8, మూత దిగుబడి 11 కలిపి 58.6, అంటే 59 సెం.మీ.

ఇది ఫెల్ట్ అయ్యాక కావలసిన కొలత. ఫెల్ట్ చేయక ముందు కోయవలసిన ముక్కకు 36.5ను 0.75తో భాగిస్తే దాదాపు 49, 59ని 0.8తో భాగిస్తే దాదాపు 74 వస్తాయి. ఫెల్ట్ అయ్యేటప్పుడు అంచులు అలలుగా వంగుతాయి, వాటిని తర్వాత కోసేయాలి కాబట్టి వెడల్పుకూ పొడవుకూ మరో 5 సెం.మీ. చొప్పున కలుపుకుని 54 × 79 సెం.మీ. ముక్క తీసుకోవాలి. నమూనాలో పడుగు ఏ దిక్కో, కవరు ముక్కలోనూ పడుగు అదే దిక్కుకు రావాలన్నది మరచిపోకూడదు. నా లెక్కలో పడుగు పొడవు వైపు ఉంది.

కోసిన వెంటనే అంచు దారాలు ఊడిపోతాయి. అందుకని నాలుగు అంచుల వెంబడి నూలుదారంతో పెద్ద పెద్ద టాకాలు వేయాలి. జిగ్‌జాగ్ మిషన్ ఉంటే వదులుగా ఒక వరుస కొట్టవచ్చు. బిగించి కుట్టకండి. నూలు కుదించుకోదు, ఉన్ని కుదించుకుంటుంది, రెండింటి తగాదాలో అంచు ముడతలు పడుతుంది.

గంజి వదలగొట్టడం, ముళ్ళు ఏరడం

కంబళి పడుగుకు నేతలో చింతగింజల గంజి పెడతారు. పాత కంబళిలో కూడా దాని పట్టు కొంత మిగిలే ఉంటుంది, ఆ గంజి పోగులను ఒకదానికొకటి అంటించి కదలనివ్వదు, కదలని పోగు చిక్కుపడదు. గోరువెచ్చని నీటిలో ఒక మూత ద్రవ డిటర్జెంట్ కలిపి, ముక్కను రాత్రంతా నానబెట్టాలి. ఈ దశలో రుద్దకూడదు, పిండకూడదు. నీటిలో నొక్కి వదలాలి, అంతే. మట్టిరంగులో దిగిన నీటిని పారబోసి, తేటగా వచ్చేదాకా మార్చాలి.

డిటర్జెంట్ ఎంపికలో రెండు నిషేధాలు ఉన్నాయి. మరకలు తీసే ఎంజైములున్న పొడులు వద్దు, ఉన్ని కూడా ప్రోటీనే కాబట్టి ఆ ఎంజైములు దాన్నీ కొరుకుతాయి. బ్లీచింగ్ ద్రవం అసలే వద్దు, అందులో నానితే ఉన్ని కరిగిపోతుంది.

తడి ముక్కను తీగమీద వేసి, వెలుతురు వెనక నుంచి పడేలా నిలబడి చూడండి. పల్లేరు ముళ్ళు, ఉత్తరేణి గింజలు, ఎండుగడ్డి ముక్కలు చుక్కలుగా కనబడతాయి. కొండల్లో, బీళ్ళలో మేసిన గొర్రె ఉన్ని కదా, ఇవి లేకుండా రాదు. అరచేతితో రెండు వైపులా నిమిరి, తగిలినదాన్నల్లా చిమటాతో తీసేయాలి. ఫెల్ట్ అయ్యాక ముల్లు లోపలే ఇరుక్కుపోతుంది. మిషన్ వేగంగా నడుస్తున్నప్పుడు సూది మొన దానిమీద పడితే విరిగి ఎగరవచ్చు. కుట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోమని చెప్పేది అందుకే.

నీళ్ళు, సబ్బు, రాపిడి

మన జిల్లాలో బోరు నీళ్ళు చాలాచోట్ల కఠిన జలం. ఆ నీటిలో కొబ్బరినూనె సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది, ఆ తెట్టు ఉన్ని లోపల కూరుకుపోతే ఎన్నిసార్లు జాడించినా జిడ్డు వదలదు. సత్యసాయి తాగునీటి పథకం కొళాయి నీళ్ళు గానీ, వాన నీళ్ళు గానీ, అదీ కుదరకపోతే ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను గానీ ఫెల్ట్ దశకు వాడుకోవాలి. నానబెట్టడానికీ మొదటి జాడింపులకూ బోరు నీళ్ళే చాలు. కఠిన జలం తప్ప గతిలేనప్పుడు సబ్బుబిళ్ళ మాని ద్రవ డిటర్జెంట్‌తోనే ఫెల్ట్ చేయండి. పని కొంచెం ఆలస్యమవుతుంది, తెట్టు మాత్రం కట్టదు.

నీటి వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. చెయ్యి పెడితే చురుక్కుమని, రబ్బరు గ్లవుజులుంటే తప్ప ఉంచలేనంత వేడి అది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి డాబామీది సింటెక్స్ ట్యాంకు నీళ్ళు పట్టుకుంటే సగం గ్యాసు ఆదా అవుతుంది. ఎండలు అనంతపురానికి చేసే మేలు ఇదొక్కటేనేమో. లీటరు నీటికి తురిమిన సబ్బు ఒక చెంచా చాలు. సబ్బు ఎక్కువైతే నురగే పోగుల మధ్య పరుపులా నిలిచి రాపిడి తగలనివ్వదు.

చేత్తో చేసే పద్ధతి ఇది. బట్టలుతికే బండమీద ఈతచాప పరిచి, దానిమీద తడి ముక్కను ముడతలు లేకుండా పరచాలి. వేడి సబ్బునీళ్ళు చిలకరించి, రెండంగుళాల పీవీసీ పైపును ఒక అంచున పెట్టి, చాపతో సహా గట్టిగా చుట్టి, రెండు చోట్ల తాడు కట్టాలి. ఆ చుట్టను ముంజేతులతో, చపాతీ కర్ర తిప్పినట్టు, ముందుకూ వెనక్కూ దొర్లించాలి. ముక్క ఏ దిక్కుకు దొర్లుతుందో ఆ దిక్కుకే ఎక్కువగా కుదించుకుంటుంది. కాబట్టి ఒక వైపు వంద దొర్లింపులు అయ్యాక విప్పి, ముక్కను పావు మలుపు తిప్పి, మళ్ళీ వేడినీళ్ళు పోసి చుట్టాలి. ఇలా నాలుగు వైపులా పూర్తయితే ఒక విడత. ఒక వైపు కొలత నమూనా కన్నా వెనకబడి ఉంటే తర్వాతి విడతలో ఆ దిక్కుకే ఎక్కువ దొర్లించి సరిచేసుకోవచ్చు. ఈ అదుపు వాషింగ్ మెషీన్‌లో దొరకదు, కొలత ముఖ్యమైన ల్యాప్‌టాప్ కవరుకు నేను చేతిపద్ధతినే సిఫారసు చేస్తాను.

వాషింగ్ మెషీన్‌లో చేయదలచినవారు ముక్కను పాత దిండు గలీబులో వేసి మూతి కుట్టేయాలి, లేకపోతే ఊడిన ఉన్ని డ్రెయిన్ పైపుకు అడ్డం పడుతుంది. రాపిడికోసం రంగు వదలని పాత జీన్స్ ప్యాంట్లు రెండు కూడా వేయాలి. హీటరున్న మెషీన్ అయితే 60 డిగ్రీలు పెట్టుకోవచ్చు. పైనుంచి బట్టలు వేసే సెమీ ఆటోమేటిక్ అయితే వేడినీళ్ళు మనమే పోయాలి. ప్రతి అయిదు నిమిషాలకు ఆపి, తీసి చూడటం తప్పనిసరి. ఫెల్ట్ ఎక్కువైపోయాక వెనక్కి తెచ్చే ఉపాయం లేదు.

ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది? బొటనవేలు, చూపుడువేలు గోళ్ళతో బట్టపై ఒక దారాన్ని గిల్లి పైకి లాగి చూడండి. దారం విడిగా లేస్తే ఇంకా పని ఉంది. పక్క దారాలతో కలిసి ఒక చర్మంలా మొత్తం లేస్తే ఫెల్ట్ అయినట్టే. మరొక పరీక్షగా అంచు మూల నుంచి వేలెడు ముక్క కత్తిరించి, కోసిన చోటును చూడండి. పడుగు పేకలు విడివిడిగా, చిన్న కన్నాలతో కనబడితే కుట్టు దగ్గర విచ్చుకుంటుంది. కోత నున్నగా, ఒకే ముద్దగా ఉంటే అంచు మడిచి కుట్టనక్కరలేదు. ఈ రెండు పరీక్షలూ నెగ్గి, మందం 3 మి.మీ. లోపు ఉన్న క్షణాన చల్లటి నీళ్ళలో ముంచి ఆపేయాలి. పరీక్షలు నెగ్గక ముందే మందం 3 మి.మీ. దాటుతోందంటే ఆ కంబళి దారమే లావుదని అర్థం, ఆ ముక్కను నీళ్ళ సీసాకు కేటాయించి వేరే కంబళి చూసుకోవాలి.

తర్వాత సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, చివరి బకెట్‌లో రెండు చెంచాల వెనిగర్ కలిపి పది నిమిషాలు ఉంచితే మిగిలిన క్షారం విరుగుతుంది. మెలిపెట్టి పిండవద్దు. పాత తువ్వాలులో చుట్టి, చుట్టమీద నిలబడితే నీరంతా తువ్వాలుకు ఎక్కుతుంది.

సాపు చేయడం

టాకా దారాలు కత్తిరించి తీసేసి, ముక్కను నీడలో చాపమీద పరిచి, మూలలు లంబంగా వచ్చేలా చేతులతో లాగి సర్దాలి. తడిగా ఉన్నప్పుడు ఉన్ని చెప్పినట్టు వింటుంది, ఆరాక వినదు. తీగమీద వేలాడదీస్తే తన బరువుకు తానే సాగుతుంది. పూర్తిగా ఆరడానికి ముందు, కొంచెం చెమ్మ ఉండగానే, తడిపిన నూలుగుడ్డ అడ్డం పెట్టి ఉన్ని గుర్తు దగ్గర ఇస్త్రీ పెట్టె అమర్చి నొక్కాలి. రుద్దకుండా పెట్టి ఎత్తుతూ నొక్కితే మందం కొద్దిగా తగ్గి, మొత్తం సమంగా వస్తుంది.

కత్తిరింపు

వార్తాపత్రిక కాగితంపై 36.5 × 59 సెం.మీ. నమూనా గీసి, మూత చివరి రెండు మూలలను చాయ్ గ్లాసు అంచు ఆధారంగా గుండ్రంగా తీయండి. నల్ల కంబళిపై పెన్సిలు, నీలం చాక్ కనబడవు; అరిగిపోయిన తెల్ల సబ్బుబిళ్ళ పలుచటి అంచు అన్నిటికన్నా బాగా గీస్తుంది. ఫెల్ట్‌ను మడతపెట్టి రెండు పొరలు కలిపి కోయరాదు, కింది పొర తప్పకుండా పక్కకు జరుగుతుంది. బరువైన కత్తెరతో, ప్రతి కోతకు బ్లేడు పూర్తి పొడవూ వాడుతూ, ఒకే పొరను కోయాలి. చిన్న చిన్న కోతలు పెడితే అంచు రంపపు పళ్ళలా వస్తుంది, మడిచి కుట్టని అంచు కాబట్టి అది దాగదు.

మిషన్‌ను సిద్ధం చేయడం

సూది 16 నంబరు. పొర 3 మి.మీ.కు దగ్గరగా ఉంటే 18. మొన కొత్తదై ఉండాలి. దారం మామూలు పాలిస్టర్ కుట్టుదారమే వాడాలి, నూలుదారం ఈ మందంలో రాపిడికి తెగుతుంది. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మి.మీ. దగ్గర పెట్టాలి. చిన్న కుట్లు వేస్తే సూది రంధ్రాలు వరుసగా దగ్గరపడి, ఫెల్ట్ ఆ గీత వెంబడి చిరగడానికి సిద్ధమవుతుంది.

ప్రెషర్ ఫుట్ కడ్డీ నెత్తిన ఉండే మరను ఎడమకు తిప్పి ఒత్తిడి తగ్గించడం చాలామంది చేయని పని, అసలు చేయవలసిన పని. ఒత్తిడి ఎక్కువగా ఉంటే కింది పొరను పళ్ళు వెనక్కి లాక్కుపోతాయి, పై పొరను ఫుట్ ముందుకు తోస్తుంది. కుట్టు చివరికి వచ్చేసరికి పై పొర అర సెంటీమీటరు మిగిలిపోయి కనబడుతుంది. అప్పుడు దాన్ని కోసి సరిచేయడం కాదు, మర దగ్గరికి వెళ్ళాలి.

టెన్షన్ (దారం బిగువు) సరిచూడటానికి నమూనా ముక్కను రెండు పొరలుగా పెట్టి, పైన ఎర్ర దారం, బాబిన్‌లో (కింది దారం చుట్టలో) తెల్ల దారం వేసి ఒక జానెడు కుట్టండి. పైన తెల్ల చుక్కలు కనబడితే పై టెన్షన్ ఎక్కువ. కింద ఎర్ర ఉచ్చులు కనబడితే తక్కువ. రెండూ కనబడకపోతే ముడి పొరల మధ్యనే పడుతోందని అర్థం, ఇక అసలు దారం ఎక్కించవచ్చు. కుట్టు అక్కడక్కడ వదిలేస్తుంటే ముందుగా సూది పూర్తిగా పైదాకా ఎక్కిందో లేదో చూడండి, తర్వాత సూది మార్చండి. ఈ రెండింటికీ లొంగకపోతేనే మెకానిక్‌ను పిలవాలి.

కుట్టే క్రమం

తిప్పికుట్టే పద్ధతి, అంటే లోపల నుంచి కుట్టి బయటికి తిప్పడం, ఫెల్ట్‌కు నప్పదు. మూలల్లో గుడ్డంతా ముద్దగా చేరి గడ్డకడుతుంది. అంచు బయటికే కనబడేలా కుట్టి, సమంగా కోసి వదిలేయడమే దీనికి అందం.

మొదట కవరు నోటి అంచు, అంటే ముందు వైపు పై అంచు. రోజుకు పదిసార్లు ల్యాప్‌టాప్ దూర్చి తీసేది ఇక్కడే కాబట్టి ఇది సాగుతుంది. లోపలి వైపు ఒకటిన్నర సెం.మీ. నూలు టేపు పెట్టి రెండు అంచుల వెంబడీ కుట్టేయాలి. రెండవది, పక్కలు కలపక ముందే మూతకు బందోబస్తు. పెద్ద టిచ్ బటన్ కానీ, గుండీ ఎలాస్టిక్ ఉచ్చు కానీ పెట్టండి. వెల్క్రో గరుకు వైపు ఉన్నిని పట్టుకుని పీకుతుంది కాబట్టి నేను వాడను. బటన్ వెనక చిన్న జీన్స్ ముక్క ఆధారంగా పెడితే గుడ్డ చిరగదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే చోట కటింగ్ ముక్కలు అడిగితే దొరుకుతాయి.

ఇప్పుడు ముక్కను నోటి అంచు నుంచి 23 సెం.మీ. దగ్గర మడవండి. గుండుసూదులు ఈ మందంలో పొరలను ఉబ్బిస్తాయి, బట్టలు ఆరేసే క్లిప్పులు చాలు. కుట్టు ఎప్పుడూ అడుగు మడత దగ్గర మొదలై నోటి వైపు రావాలి, రెండు పక్కలా అలాగే. ఏ కొద్ది జరుగుబాటు ఉన్నా నోటి దగ్గర సరిచేయవచ్చు, మడత దగ్గర ఉబ్బు పడితే సరిచేయలేం. మొదటి నాలుగైదు కుట్లు కాలితో తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పి వేయండి. మడత దగ్గర ఫుట్ ముక్కు పైకి లేచి నిలిచిపోతే, ఫుట్ వెనక అంతే మందంలో మడిచిన అట్టముక్క పెడితే ఫుట్ సమంగా కూర్చుంటుంది, మిషన్ ముందుకు కదులుతుంది. గుడ్డను వెనక నుంచి లాగకూడదు, సూది వంగుతుంది.

అంచు నుంచి 1 సెం.మీ. లోపల మొదటి వరుస, దానికి 3 మి.మీ. బయట రెండవ వరుస. నోటి దగ్గర ముందుకు వెనక్కు మూడుసార్లు కొట్టి ముగించాలి. రెండు పక్కలూ అయ్యాక రెండవ వరుసకు 3 మి.మీ. దూరంలో అంచును ఒకే సాపుగా కోసేయండి.

ల్యాప్‌టాప్ కవరుకు లైనింగ్ వేయాలనే నా సలహా. దక్కనీ ఉన్ని గరుకు, పోగులు రాలుతాయి, అవి ఫ్యాను రంధ్రాల్లోకి చేరతాయి. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరుకునే కన్నా ముందే పాత నూలు చీర ముక్క అడ్డం పెట్టడం మేలు. 36 × 48 సెం.మీ. ముక్కను మడిచి, పక్కలు 1 సెం.మీ.తో కుట్టి, తిప్పకుండానే కవరులోకి దూర్చి, నోటి అంచు 1 సెం.మీ. లోపలికి మడిచి చేతితో కుట్టాలి. కవరు కన్నా లైనింగ్ అర సెం.మీ. ఇరుకుగా ఉండాలి, సమానంగా ఉంటే లోపల ముడతలు పడుతుంది. ల్యాప్‌టాప్‌ను ఆఫ్ చేయకుండా ఈ కవరులో పెట్టవద్దు. ఉన్ని వేడిని బయటికి పోనివ్వదు.

నీళ్ళ సీసాకు

వెనకటి సైనికుల నీళ్ళ సీసాలకు ఫెల్ట్ తొడుగు ఉండేది, దాన్ని తడిపితే లోపలి నీళ్ళు చల్లబడేవి. తడి ఆరుతూ సీసాలోని వేడిని లాక్కుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేసే ఈ ఉపాయం మన ఎండలకు సరిగ్గా సరిపోతుంది. ఒంటి గోడ స్టీలు సీసాకే ఇది పనికివస్తుంది, థర్మాస్ రకం జంట గోడల సీసాకు తడి ఫెల్ట్ వల్ల ఒరిగేదేమీ లేదు.

గుండ్రటి వస్తువుకు కొలత లెక్క వేరు. చుట్టుకొలతకు ఫెల్ట్ మందానికి మూడు రెట్లు, రెండు మార్జిన్లు కలపాలి. 23 సెం.మీ. చుట్టుకొలత ఉన్న సీసాకు 3 మి.మీ. ఫెల్ట్ అయితే 23, 0.9, 2 కలిపి దాదాపు 26 సెం.మీ. నిలువు కుట్టు మిషన్‌పై (పొరలు ఫుట్ కింద దూరకపోతే చేత్తోనే) వేసి, అడుగు గుండ్రటి ముక్కను మాత్రం చేతి సూదితో, దుప్పటి అంచు కుట్టుతో కలపండి. అంత చిన్న వలయాన్ని మిషన్‌పై తిప్పడానికి పడే తంటాలో సగం సేపట్లో చేతికుట్టు పూర్తవుతుంది. దీనికి లైనింగ్ అక్కరలేదు, మందం కొంచెం ఎక్కువైనా మంచిదే, ఎక్కువ నీరు పట్టుకుంటుంది.

పని అయ్యాక

ఫెల్ట్ కుట్టిన రోజునే సూదిపలక విప్పి, పళ్ళ మధ్య, బాబిన్ కేసు వెనక పేరుకున్న ఉన్ని ధూళిని పాత టూత్‌బ్రష్‌తో తీసి, రెండు చుక్కలు మిషన్ నూనె వేయాలి. ఈ ధూళి నూనెతో కలిస్తే ముద్దగా గట్టిపడి, మరునాడు జాకెట్టు గుడ్డ కుట్టబోతే దారం తెంపుతుంది.

కవర్లను వాడకుండా దాచవలసి వస్తే పురుగు భయం ఉంది. ఉన్నిని తినే పురుగులు చీకటిలో, కదలిక లేని చోట గుడ్లు పెడతాయి. నెలకోసారి ఎండలో వేసి, గట్టిగా దులిపి, ఎండు వేపాకుతో నూలు సంచిలో పెట్టండి. మురికి పడితే చల్లటి నీళ్ళలో, కుంకుడుకాయ రసంతో, రుద్దకుండా నొక్కి ఉతకాలి. వేడినీళ్ళు తగిలితే కవరు మళ్ళీ కుదించుకుని, ల్యాప్‌టాప్ అందులో పట్టదు.